పిలవకూడని ముప్ఫై ఎనిమిది

1. పందేనికి ఇరవై ఒక్క రోజులు

ఆఫీసు రిజిస్టరులో రాయలేనివి రాసుకోడానికి ఈ సొంత చిట్టా మొదలుపెట్టాను. నా పేరు గుడిమెట్ల భానుమూర్తి. కుజుడి మీద మూడో గుమ్మటంలో పందెం కార్లకి పేర్లూ నంబర్లూ ఖాయం చేసే అధికారిని. ఊళ్ళో అందరూ నంబర్ల మూర్తి అంటారు. ఇక్కడ పుట్టిన ప్రతివాడికీ కుజదోషం ఉన్నట్టే గనక పెళ్ళిళ్ళకి జాతకాలు చూడటం ఏనాడో మానేశారు. ఆ చాదస్తమంతా తీసుకొచ్చి కార్ల నంబర్ల మీద పెట్టారు. అందువల్ల నాకు మర్యాదకేం లోటు లేదు. ఉండాల్సిన దానికన్నా ఎక్కువే ఉంది, అదే ఇప్పుడు వచ్చిన చిక్కు.

పొద్దున్న మామూలు పనులే. గాలి జల్లెడ విప్పి దులిపాను. రిజిస్టర్ల మీద పేరుకున్న ఎర్రదుమ్ము తుడిచాను. కిటికీ కింద తొట్లో పెంచుతున్న గోంగూరకి నా వంతు నీళ్ళలోంచి ఓ గ్లాసు పోశాను. అప్పుడే తాటిపర్తి కోటేశ్వరి వచ్చింది. పిల్లలకి ముత్తవ్వల పేర్లు పెట్టడం ఈమధ్య మళ్ళీ ఫ్యాషనైంది. పేరు ముత్తవ్వది గానీ మనిషికి ఇరవై మూడేళ్ళే, ఒకచోట నిలబడి మాట్లాడే ఓపిక లేదు.

"బాబాయ్, లైసెన్సొచ్చింది! ఈసారి మహాచుట్టు పందెంలో నేనే తోలుతున్నా. కారుకి నంబరు ఖాయం చెయ్యి," అంటూ కాగితం బల్ల మీద పడేసింది.

కాగితం మీద జ-39-క అని ఉంది. జ అంటే జమాల్ మేస్త్రి షెడ్డు. 39 అంటే గూడు నంబరు. డ్రైవరు కూర్చునే తొట్టిలాంటి చట్రాన్ని మేము గూడు అంటాం, దాన్ని అచ్చులో పోస్తారు. చివరి అక్షరం మార్పుది. మోటారు మార్చినా, రెక్క మార్చినా అక్షరం మాత్రమే మారుతుంది. అచ్చు మారి కొత్త గూడు వస్తేనే నంబరు మారాలి. కోటేశ్వరి మోటారు మార్పించింది కాబట్టి క అడుగుతోంది. సబబుగానే అడిగింది.

"ఈ కారు ఇన్నాళ్ళూ ఎక్కడుంది?" అన్నాను, ఏమీ తెలియనట్టు.

"షెడ్డులో వెనకమాల గుడ్డ కప్పి ఉంది. అన్నయ్య పోయాక మేస్త్రి మామయ్య దాన్ని ముట్టుకోలా. నేనే ఆయన ప్రాణం తీసి బయటికి లాగించా."

సాయంత్రం లోపు సంతకం పెడతానన్నాను. పెట్టలేదు.

2. ఇరవై రోజులు

కోటేశ్వరి అన్న చెంచయ్య ఆరేళ్ళ కిందట, భూమి లెక్కలోనే ఆరేళ్ళు, మహాచుట్టులో తొమ్మిదో మలుపు దగ్గర చనిపోయాడు. అతను తోలింది జ-38. ముందు ఎడమ చక్రం కీలుతో సహా గూడులోంచి ఊడి వచ్చేసింది. మా పందెం దారి పెద్ద బిలం అంచు మీద పోతుంది. అంచు దాటితే కింద నాలుగు వందల మీటర్ల లోతు.

ఇక్కడి ఆనవాయితీ ఒకటి చెప్పాలి. మొదటి వలస రోజుల్లో నంబరు లేని బండి ఒకటి తనంతట తానే బయల్దేరి గుమ్మటం గోడని గుద్దింది. అప్పటినుంచి నంబరు పిలవందే ఏ పందెం కారూ కదలడానికి లేదు. పందెం రోజున నేను గీత దగ్గర మైకు పట్టుకుని ఒక్కో కారునీ పూర్తి నంబరుతో పిలుస్తాను. నా గొంతులో తన నంబరు వింటేనే కారులోని తాళం తెరుచుకుంటుంది. ఆ పిలుపు ఊరంతా వినిపిస్తుంది. చెంచయ్య తల్లి మాణిక్యమ్మ ఇల్లు లౌడ్‌స్పీకరుకి సరిగ్గా ఎదురుగా ఉంది.

చెంచయ్య పోయిన పదోనాడు ఆవిడ ఆఫీసుకొచ్చింది. "మూర్తిబాబూ, ఆ నంబరు మళ్ళా నా చెవిన పడకుండా చూడయ్యా. నిన్నింకేమీ అడగను," అంది.

అదే అచ్చులో పోసిన కారు జమాల్ మేస్త్రి షెడ్డులో ఇంకొకటి ఉంది. నేను 38 పేజీకి అడ్డంగా గీత కొట్టి, 'ఈ సంఖ్య ఇక వాడబడదు' అని రాశాను. మిగిలిన ఆ కారుని జ-39 అని కొత్త పేజీలోకి ఎక్కించాను. అచ్చు అదే, గూడు అదే. రూలు ప్రకారం శుద్ధ తప్పు. కానీ ఊరు ఊరంతా నన్ను మనసున్న మనిషి అంది. మాణిక్యమ్మ ఇంటికి పిలిచి అన్నం పెట్టింది. చెంచయ్య పందెం దుస్తుల లోపలి బట్ట విప్పి తన చేత్తో కుట్టిన శాలువా నా భుజాల మీద కప్పింది.

శాలువా కప్పిన మూడో రోజున ప్రమాద నివేదిక వచ్చింది. మూడు పేజీలు. అచ్చులోనే లోపం ఉందని, ఎడమ ముందు కీలు దగ్గర గూడు లోపల పగులు పుడుతుందని, అది పైకి కనపడదని, ఆ నంబరు గూళ్ళన్నీ కోసి చూడాలని అందులో ఉంది. అలాంటి నివేదిక ముందు మా ఆఫీసుకే వస్తుంది. దాన్ని ఆ నంబరు పేజీలో పెట్టి షెడ్డుకి కబురు చెయ్యాల్సింది నేను. 38 పేజీ నేనే మూసేశాను. 39లో పెట్టాలంటే, 39 అన్నది ఉత్తదని నలుగురిలో ఒప్పుకోవాలి. ఆ కారు ఎలాగూ గుడ్డ కింద ఉంది, ఇంకెవరు తోలబోతారులే అనుకుని నివేదికని సొరుగులో పెట్టి తాళం వేశాను.

ఇదీ సంగతి. సిగ్గుగా ఉంది. రాస్తుంటేనే చెవులు వేడెక్కుతున్నాయి.

3. పదహారు రోజులు

నిజం చెప్పడం కన్నా కొర్రీలు వెయ్యడం తేలిక. ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో ఆ విద్య బాగా వంటబట్టింది.

మొదట అంకెలు చిన్నవిగా ఉన్నాయన్నాను. రూలు ప్రకారం ఎత్తు అర మీటరు ఉండాలి. కోటేశ్వరి మధ్యాహ్నానికల్లా కొత్తగా రాయించి ఫొటో తెచ్చింది. క తలకట్టు పక్కనున్న తొమ్మిదికి తగులుతోందన్నాను. మర్నాడు ఎడం చేసి తెచ్చింది. ఎర్రదుమ్ములో నల్లరంగు కనపడదన్నాను. తెల్లరంగు పూయించింది. ఇలా ఐదు రోజులు గడిపాను. చివరికి ఆ పిల్ల కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చుంది.

"నిజం చెప్పు బాబాయ్. నేను కూడా అన్నయ్యలాగా పోతానని భయమా?"

"అవునమ్మా," అన్నాను. అది మాత్రం నిజమే.

కోటేశ్వరి నా చెయ్యి పట్టుకుంది. "అమ్మకీ అదే భయం. మొన్నటిదాకా వద్దంటే వద్దంది. చివరికి ఎందుకు ఒప్పుకుందో తెలుసా? 'మూర్తిబాబు ఆ నంబరు తీసేశాడు గదా, ఆయన కొత్త నంబరుతో పిలిచి పంపిస్తే నాకు దిగుల్లేదు' అంది."

ఇంత మాట విన్నాక మనిషన్నవాడు సొరుగు తాళం తీస్తాడు. నేను కలం మూత తీశాను. జ-39-క ఖాయం చేస్తూ సంతకం పెట్టేశాను. "మా బాబాయ్ బంగారం," అంటూ వెళ్ళిపోయింది.

4. పదకొండు రోజులు

జమాల్ మేస్త్రితో చూచాయగా చెబితే ఆయనే చూసుకుంటాడని షెడ్డుకి వెళ్ళాను. నేను చెప్పకుండా పని మాత్రం జరిగిపోవాలి, అదీ నా తెలివి.

మేస్త్రి కారు కింద పడుకుని బోల్టులు బిగిస్తున్నాడు. నన్ను చూసి చేతులు తుడుచుకుంటూ లేచి, డబ్బా బోర్లించి కూర్చోమన్నాడు. కారు కొత్త పెళ్ళికూతురిలా మెరుస్తోంది. సీటు ఎత్తి ఉంది. లోపల గూడు గోడ మీద అచ్చు గుర్తు ఇంకా చెరిగిపోలేదు. 38. మేస్త్రి దాని మీద చిన్న బిళ్ళ అంటించాడు గానీ సగం ఊడింది.

"సాయిబుగారూ, గూడు ఒకసారి కోయించి చూస్తే మంచిదేమో, ఊరికే, ముందుజాగ్రత్తకి," అన్నాను.

"కోస్తే మళ్ళా అతికి ఆరటానికి పాతిక దినాలు పట్టుద్ది సార్. పిల్లకి పందెం పోద్ది." మేస్త్రి పానా కింద పెట్టాడు. "మీకో మాట చెబుతా. చెంచుగాడు పోయినప్పుడు నా అచ్చులోనే ఏదో తప్పుందనుకున్నా. పిలగాణ్ణి నా చేతుల్తోనే చంపుకున్నానని రోజుల తరబడి తిండి మానేశా. తర్వాత మీరు ఆ రెండో కారుకి కొత్త నంబరిచ్చారు. ఆఫీసోళ్ళు గూడు పరీక్ష చెయ్యకుండా నంబరు మారుస్తారా? గూడు బాగున్నట్టేగా? ఆ నంబరు చూశాకే నేను అన్నం తిన్నా సార్."

నేను ఒక తల్లి చెవుల కోసం చేశానని చెప్పుకునే పని ఇంకో మనిషికి గూడు బాగుందన్న సాక్ష్యంగా మారింది. మేస్త్రి టీ ఇచ్చాడు. తాగాను. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని ఇంటికొచ్చాను.

5. నాలుగు రోజులు

ఆఖరికి మాణిక్యమ్మకే చెప్పేద్దామని తొట్లో గోంగూర కోసి పట్టుకెళ్ళాను. చేతిలో ఏదో ఒకటి ఉంటే మాట పెగులుతుందనుకున్నాను.

ఆవిడ కోటేశ్వరి పందెం దుస్తుల వీపు మీద దారంతో జ-39-క కుడుతోంది. గోంగూర చూసి మురిసిపోయింది. ఎదురుగా గోడ మీద చెంచయ్య ఫొటో ఉంది. కింద అతని పేరు, పుట్టిన తేదీ ఉన్నాయి. కారు నంబరు ఉండాల్సిన చోట తెల్లకాగితం అంటించి ఉంది.

"మాణిక్యమ్మగారూ, మీతో ఒక సంగతి..." అన్నాను.

"నాకు తెలుసులే బాబూ," అంది ఆవిడ. సొరుగు సంగతే అనుకున్నాను. "పిల్ల విషయంలో నువ్వెంత భయపడుతున్నావో కోటి చెప్పింది. సొంత బాబాయి కూడా ఇంత చూడడు. పందెం రోజున నాకోసం గట్టిగా పిలువయ్యా. కిటికీ తెరుచుకుని కూచుంటా."

గోంగూర కట్ట ఆవిడ పక్కన పెట్టి వచ్చేశాను. ఆవిడ మంచితనం వల్ల చెప్పలేకపోయానని రాయాలనిపిస్తోంది, కానీ అది కూడా అబద్ధమే. ఆవిడ నా గురించి అనుకుంటున్నది నాకు బాగుంది. దాన్ని పోగొట్టుకోలేకపోయాను. ఒక ఆడపిల్ల ప్రాణం ఒకవైపు, నా మంచిపేరు ఒకవైపు పెడితే నాలుగు రోజుల ముందు దాకా కూడా నా మంచిపేరే మొగ్గుతోంది. ఛీ.

6. పందెం రోజు

నివేదిక జేబులో పెట్టుకుని గీత దగ్గరికి వెళ్ళాను. పదకొండు కార్లు. అందరూ ఊపిరి డబ్బాలు తగిలించుకుని కార్లలో కూర్చున్నారు. జమాల్ మేస్త్రి గాజు గోడకి ఇవతల నిలబడి రెండు చేతులూ ఎత్తి దువా చేస్తున్నాడు.

ఒక్కో నంబరూ పిలిచాను. ఒక్కో తాళం తెరుచుకుంది. మోటార్ల అదురు నా పాదాల కింద తెలుస్తోంది. ఐదోది కోటేశ్వరిది. హెల్మెట్ లోంచి నన్ను చూసి బొటనవేలు పైకెత్తింది.

"జ..." అన్నాను. మంచినీళ్ళు తాగాను.

"జ, ముప్ఫై ఎనిమిది, క."

తాళం తెరుచుకోలేదు. తెరుచుకోదు, దానికి తెలిసిన నంబరు 39. గ్యాలరీలో గుసగుసలు ఆగిపోయాయి. కోటేశ్వరి నవ్వుతూ రేడియోలో, "బాబాయ్, ముప్ఫై తొమ్మిది! కంగారుపడకు," అంది. తన మొదటి పందెంలో నాకు ధైర్యం చెబుతోంది.

మూడుసార్లు పిలిచినా తాళం తెరుచుకోకపోతే ఆ కారు పందెంలోంచి తప్పుకోవాలి. అది మా రూలు.

"జ, ముప్ఫై ఎనిమిది, క," అన్నాను మళ్ళీ. ఈసారి ఆ పిల్ల నవ్వలేదు. "బాబాయ్, ఏంటిది? ఏం చేస్తున్నావ్? అమ్మ వింటోంది!" అని అరిచింది.

మూడోసారి కూడా పిలిచాను. కారు పైన ఎర్రదీపం వెలిగింది. కోటేశ్వరి రెండు చేతులతో స్టీరింగ్ మీద గుద్దడం చూశాను. మిగతా ఆరు కార్లనీ పిలిచి పంపించాను. పది కార్లూ దుమ్ములో కలిసిపోయాక మైకు ఇంకా చేతిలోనే ఉంది.

"ఆ గూడు ముప్ఫై ఎనిమిదిదే," అన్నాను. "దాని లోపల పగులు ఉండే అవకాశం ఉందని నివేదిక వచ్చింది. ఆరేళ్ళుగా నా సొరుగులో ఉంది. మేస్త్రికి చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. నేనే దాచాను."

ఇంకేం చెప్పాలో తోచక మైకు కట్టేశాను. తల ఎత్తి చూస్తే మాణిక్యమ్మ కిటికీ మూసి ఉంది.

7. పందెం అయిన రెండో రోజు

షెడ్డులో గూడు కోశారు. నన్ను రమ్మని ఎవరూ పిలవలేదు. అయినా వెళ్ళాను. ఇది కూడా చూడకుండా తప్పించుకుంటే ఇంక నాకు సిగ్గు అనే మాట రాసే హక్కు కూడా ఉండదనిపించింది.

జమాల్ మేస్త్రి ఎడమ ముందు కీలు చుట్టూ రంపం ఆడించి ముక్క బయటికి తీశాడు. దీపం దగ్గరపెట్టి చూశాడు. జానెడు పొడవున పగులు ఉంది. ఆయన బొటనవేలి గోరు పెడితే లోపలికి దిగింది. మొదటి మలుపులోనే విరిగేదో, తొమ్మిదో మలుపు దాకా ఆగేదో, చెప్పలేం.

మేస్త్రి నన్ను తిట్టలేదు. ఆ ముక్క ఒళ్ళో పెట్టుకుని నేల మీద కూలబడ్డాడు. "అయితే అచ్చు నాదే," అన్నాడు. "చెంచుగాడిది నా అచ్చే." ఆయన ఆరేళ్ళ కిందట మోయాల్సిన బాధ ఇప్పుడు కొత్తగా మొదలైంది. అప్పుడు ఆయన వయసు యాభై నాలుగు, తట్టుకునేవాడు. ఇప్పుడు ఎలా తట్టుకుంటాడో నాకు తెలియదు.

నేను ఏదో అనబోయాను. మేస్త్రి పక్కనే ఉన్న కోటేశ్వరి నా వైపు తిరిగింది. కళ్ళు వాచి ఉన్నాయి.

"మూర్తిగారూ, కొంచెం పక్కకి జరగండి. మేస్త్రి మామయ్యకి వెలుతురు పడట్లేదు," అంది.

ఆ పిల్ల నన్ను 'గారూ' అనడం, 'జరగండి' అనడం అదే మొదటిసారి. పక్కకి జరిగాను.

8. పందెం అయిన ఆరో రోజు

నా చోటికి కొత్త అధికారి ఆరో గుమ్మటం నుంచి వస్తున్నాడు. అతను వచ్చేలోపు రిజిస్టరు సరిచేసి అప్పగించమన్నారు. 38 పేజీ మీది గీత పక్కన 'ఈ గీత చెల్లదు' అని రాసి, కిందే రెండో కారు వివరాలు ఎక్కించాను. 39 పేజీలో 'ఇలాంటి గూడు ఎప్పుడూ లేదు' అని రాశాను. పదిహేను నిమిషాల పని. ఇన్నాళ్ళూ అదేదో కొండని తవ్వడం అనుకున్నాను.

తర్వాత శాలువా మడతపెట్టి, నివేదిక తీసుకుని మాణిక్యమ్మ ఇంటికి వెళ్ళాను. కోటేశ్వరి తలుపు తీసి లోపలికి వెళ్ళిపోయింది. మాణిక్యమ్మ కింద చాప మీద కూర్చుని ఉంది. చెంచయ్య ఫొటో కింద అంటించిన తెల్లకాగితం పీకేసి ఉంది. పాత అంకెలు కనిపిస్తున్నాయి.

శాలువా ఆవిడ ముందు పెట్టాను. దాన్ని ముట్టుకోలేదు. "ఆ కాగితాలేనా?" అంది.

"అవునండీ."

"చదువు."

నిలబడే చదివాను. అరపేజీ అయ్యాక ఆవిడ చెయ్యి ఎత్తింది. "మధ్యమధ్యలో ఏదో మింగేస్తున్నావే?"

నిజమే. నంబరు వచ్చిన ప్రతిచోటా నాకు తెలియకుండానే 'ఆ కారు' అని చదువుతున్నాను. ఆరేళ్ళ అలవాటు.

"నంబరుతో సహా చదువు. నాకోసం నువ్వేదీ దాచొద్దు."

మొదటినుంచి చదివాను. ముప్ఫై ఎనిమిది అని పద్నాలుగుసార్లు వచ్చింది. ప్రతిసారీ ఆవిడ కళ్ళు మూసి తెరిచేది. నేను ఆగితే, "ఊఁ," అనేది. చక్రం ఎలా ఊడిందో, కారు ఎన్ని మీటర్లు జారిందో, చెంచయ్య బ్రేకు మీంచి కాలు తీయలేదని ఎలా తెలిసిందో అన్నీ ఉన్నాయి. కోటేశ్వరి లోపలి గది గుమ్మంలోకి వచ్చి వింటోంది.

"అయిపోయిందా?"

"అయిపోయిందండీ."

"కింద ఇంకా ఏదో రాసుందే."

"నాకు ముట్టినట్టు సంతకం. తేదీ."

"అది కూడా చదువు."

చదివాను. ఈ చిట్టాలోనే రెండో భాగంలో, శాలువా కప్పిన మూడో రోజున నివేదిక వచ్చిందని రాశాను. నా సొంత పుస్తకంలో, నేను తప్ప ఎవరూ చదవని చోట కూడా అబద్ధమే రాసుకున్నాను. దాన్ని కొట్టెయ్యను. అలాగే ఉండనిచ్చి నిజం ఇక్కడ రాస్తున్నాను. నివేదిక వచ్చింది శాలువా కప్పిన రోజునే. పొద్దున పదింటికి వచ్చింది. మూడు పేజీలూ పూర్తిగా చదివి, సొరుగులో పెట్టి, చేతులు కడుక్కుని భోజనానికి వెళ్ళాను.

మాణిక్యమ్మ ఆ తేదీని వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది.

"ఆరోజు మధ్యాహ్నమేగా, నువ్వు మా ఇంట్లో అన్నం తిన్నది," అంది.

"అవునండీ."

"పప్పు బాగుందని మారు వడ్డించుకున్నావు కూడా."

"అవునండీ," అన్నాను. "వడ్డించుకున్నాను."